ముందొక నంబరు, వెనకొక నంబరు

పాత కారు కొనబోయేవాళ్ల తరఫున వెళ్లి, దాన్ని పైనా కిందా చూసి, కొనవచ్చునో కూడదో కాగితం మీద రాసివ్వడం నా వృత్తి. వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. ఇప్పుడు మోకాళ్లు వంగవు. కారు కిందికి దూరలేనివాడు కారు గురించి మాట్లాడకూడదని ఎంతోమందికి నేనే చెప్పి ఉన్నాను కాబట్టి మానుకున్నాను.

ఈ మధ్య పాత కార్లకు మోజు పెరిగింది. వాటి ముందు నిలబడి పెళ్లి ఫోటోలు దిగుతున్నారు. దాంతో పాటు వాటిని పరీక్ష చేసేవాళ్లూ పెరిగారు. పెయింటు మందం కొలిచే యంత్రం, ఇంజను లోపలికి దూరే కెమెరా పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లలో కొందరు నా దగ్గరికి వచ్చి, పని ఎట్లా ఉంటుందో చెప్పమంటే చెప్పడం మొదలుపెట్టి, చెప్పడం కన్నా రాయడం మేలనిపించి రాస్తున్నాను.

నేను గుడియాత్తంలో పుట్టిన తెలుగువాణ్ణి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు చిత్తూరులో ఒక షెడ్డులో పనిచేసిన రోజుల్లో లారీల వెనక రాతలు చూసి నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో అక్షర దోషాలుంటే అవి లారీలవి.

సంతకం కోసం వచ్చేవాళ్లు

మొదట ఒక చేదు నిజం చెప్పాలి. మిమ్మల్ని పిలిచేవాళ్లలో సగానికి పైగా ఆ కారును అప్పటికే కొనేసి ఉంటారు. చేతికి రాకపోయినా మనసులో కొనేసి ఉంటారు. మీరు వెళ్లి అవునంటే చాలునని వాళ్ల కోరిక. కాదంటే మీ మీదే కోపం వస్తుంది. ఒకాయన నేను వద్దన్న కారును మర్నాడే కొని, దానిలోనే మా ఇంటికి వచ్చి, హారను కొట్టి, నన్ను వీధిలోకి పిలిచి చూపించి వెళ్లాడు. వీధి చివర మలుపులో అది ఆగిపోయింది. నేనే నెట్టాను.

అందుకని మీరు రాసేది రాయండి. కొనడం, కొనకపోవడం వాళ్ల ఇష్టం. అమ్మేవాడి నుంచి మాత్రం ఏమీ తీసుకోకండి. ఏమీ అంటే అన్నం కూడా. ఎందుకో చెబుతాను.

నాట్రంపల్లి భోజనం

పని మొదలుపెట్టిన కొత్తలో నాట్రంపల్లిలో ఒక రైతు కారు చూడడానికి వెళ్లాను. నేను వెళ్లేసరికి ఆకు వేసి ఉంది. వద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. కూర్చున్నాను. మాంసం కూర మూడుసార్లు వడ్డించారు. తిన్నాక వంగడం నా వల్ల కాలేదు. బానెట్ ఎత్తి ఇంజను చూశాను, తలుపులు తెరిచి మూశాను, లైట్లు వేశాను. కిందికి దూరలేదు. అన్నీ బాగున్నాయని రాసిచ్చాను.

కొన్నాయన మర్నాడు మా ఇంటికి నడిచి వచ్చాడు. చేతిలో పెద్ద చపాతీ అంత తుప్పు రేకు ముక్క ఉంది.

"ఇది ఏందో చెప్పు రత్నం" అన్నాడు.

"ఏందన్నా ఇది?"

"నా కాళ్ల కింద ఉండాల్సింది. బ్రేకు తొక్కినాను. బ్రేకుతో పాటు నా కాలు కూడా పోయి రోడ్డు మీద నిలిచింది. మేకల మంద అడ్డం వచ్చింది కాబట్టి మెల్లగా పోతా ఉంటిని, లేకుంటే ఏమయ్యుండును?"

ఆ రేకు ముక్క ఆయన నాకే ఇచ్చి వెళ్లాడు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా నా అన్నం డబ్బా, నా నీళ్ల సీసా నా సంచిలోనే ఉండేవి. అమ్మేవాళ్లు ఏమైనా పెడితే డాక్టరు వద్దన్నాడని చెప్పేవాణ్ణి. ఏ జబ్బు అని అడిగితే రకరకాలుగా చెప్పి, ఎవరికి ఏం చెప్పానో మరిచిపోయి చాలాసార్లు పట్టుబడ్డాను.

గోవిందు మేస్త్రి

నాకు పని నేర్పింది గోవిందు మేస్త్రి. వేలూరులో ఆయన షెడ్డులో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఆయనకు చదువు రాదు. అంకెలు కూడా రావు. ఏదైనా విప్పితే, మళ్లీ బిగించేటప్పుడు పొరపాటు రాకుండా ఇనుప ములుకుతో చుక్కలు కొట్టేవాడు. మొదటి దానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. పదిహేను దాకా వెళ్లినా చుక్కలే. ఆయన చేయి పడ్డ ఇంజను విప్పితే మశూచి వచ్చిన మొహంలాగా ఉండేది.

ఆయన మంచి పనివాడు, చెడ్డ యజమాని. తనకు తెలిసినది చెప్పేవాడు కాదు, మనమే చూసి నేర్చుకోవాలి. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, ఆ రోజంతా మనల్ని పేరు పెట్టి పిలవడం మానేసేవాడు. "ఆ పక్కన ఉండే మనిషి ఆ స్పానరు ఇస్తాడా" అనేవాడు. ఆయన నాకు నోరు తెరిచి చెప్పిన సూత్రం ఒక్కటే: "రెండు బండ్లు కలిపి ఒక బండి చేయకూడదు. ఎవురన్నా చేసుంటే దాన్ని ముట్టకూడదు." ప్రమాదంలో ముందు భాగం నలిగిన కారు, వెనక భాగం నలిగిన కారు తెచ్చి, బాగున్న సగాలను అతికి అమ్మేవాళ్లు ఉన్నారు. పైన రంగు కొడితే తెలియదు. గట్టిగా తగిలితే అతుకు దగ్గర విడిపోతుంది.

ఆ సూత్రం నేను నా సొంత పనిలో ముప్పై ఏళ్లు పాటించాను. ఇప్పుడు చెప్పబోయే కేసు ఆ సూత్రానికి సంబంధించినదే.

సిస్టర్ పిలిచిన పని

సుగుణమ్మగారు వేలూరు పక్కన బాగాయంలో ఉంటారు. రిటైరయిన నర్సు. ఆ వీధిలో అందరూ సిస్టర్ అనే అంటారు. నన్ను పిలిపించి కుర్చీ వేసి, రోగి సంగతి డాక్టరుకు చెప్పినట్టు వరుసగా చెప్పారు.

"మా నాయన దేవదానం. గుడియాత్తంలో లుంగీల షావుకారు దగ్గర ఇరవై ఏడేండ్లు డ్రైవరు. నాయనా లేడు, షావుకారూ లేడు. షావుకారికి ఇద్దరు కొడుకులు. ఆ అంబాసిడరును చిన్నకొడుకు జయరాములు అమ్ముతా ఉండాడంట. నేను కొనాల."

"కొనాలని తీర్మానం చేసుకున్నాక నేనెందుకమ్మా?"

"నలభై ఏండ్లు టెస్టు చూడకుండా ఎవురికీ సూది వేసినదాన్ని కాదు. చెడ్డ రిపోర్టు వచ్చినా సరే, రిపోర్టు కావాల."

ఆ మాటతో ఆమె మీద నాకు గౌరవం కలిగింది. కారు ఎందుకని అడిగాను. చిన్నప్పుడు ప్రతి శనివారం నాయనతో వెళ్లి ఆ కారు కడిగేవారట. టైర్లు ఆమె వంతు. లోపల మాత్రం ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

"షావుకారు వద్దన్నాడా?"

"లేదు. ఆయన కూచోమన్నాడు. మా నాయనే కూచోనీలా. బిడ్డకు అలవాటైతే కష్టం అన్నాడు."

మర్నాడు ఇద్దరం బస్సెక్కి గుడియాత్తం వెళ్లాం.

జయరాములు ఇంట్లో

షావుకారు కట్టిన ఇల్లు పెద్దది. దాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. వీధి నుంచి పెరటి దాకా, నడిమిట్లో మనిషి ఎత్తు గోడ లేచింది. ఇటు జయరాములు, అటు అన్న వరదరాజులు. ఇద్దరికీ మాటలు లేవు.

జయరాములు యాభై దాటిన మనిషి, నవ్వు మొహం. కారును గోడకు వీపు ఆనించినట్టు నిలబెట్టి ఉంచాడు. ముందు నుంచి చూస్తే కళ్లు చెదిరాయి. పాలమీగడ రంగు, మెరిసే గ్రిల్లు, స్టీరింగు కిందనే గేరు కడ్డీ, ముందు ఒకే పొడుగాటి సీటు.

"ఎక్కి కూచో సిస్టర్" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి, పాదాలు చీర అంచుతో తుడుచుకుని, ఎక్కబోయి ఆగారు.

"ముందు రత్నమన్న చూడనీ" అన్నారు.

ఇంజను చూశాను. దాని వయసుకు బాగుంది. రేకు మీద నంబరు, ఇంజను మీద నంబరు షావుకారి కాగితాలతో సరిపోయాయి. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బానెట్ మీద, తలుపుల మీద జరుపుతూ వచ్చాను. గట్టిగా పట్టుకుంది. పైకప్పు మధ్యకు వచ్చేసరికి జారి కింద పడింది. పుట్టీ మందంగా ఉంటే అంతే. అయస్కాంతానికి ఇనుము అందదు.

"కారు కొంచెం బయటికి తీయి నాయనా" అన్నాను.

"ఎందుకు మేస్త్రీ? ఈడనే చూడు."

"ఎనక చూడాల."

"ఎనక కూడా ముందర మాదిరే ఉంటాది."

నేను కదలలేదు. అతను తప్పక స్టార్టు చేసి, తడి మట్టి వాకిట్లో పది గజాలు ముందుకు నడిపి ఆపాడు. నేను మట్టిలో చక్రాల జాడలు చూశాను. కారు తిన్నగా వెళితే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడవాలి. ఇక్కడ నాలుగు జాడలు విడివిడిగా ఉన్నాయి. కారు ముందుకే వెళ్లింది గానీ, పీతలాగా కొంచెం పక్కకు తిరిగి వెళ్లింది.

అప్పుడు వెనక్కి వెళ్లి చూశాను. వెనక నంబరు ప్లేటు మీద వేరే నంబరు ఉంది.

కాసేపు నాకే అనుమానం వచ్చి ముందుకు వెళ్లి చదివాను. మళ్లీ వెనక్కి వచ్చి చదివాను. సిస్టర్ కూడా నా వెంట ముందుకూ వెనక్కూ తిరిగారు.

"జయరాములూ, ముందొక నంబరు, ఎనకొక నంబరు ఉండాదే?"

"ఆమా, ఉండాది" అన్నాడు.

"పోలీసోళ్లు ఆపలేదా?"

"ముందర నుంచి చూసినవాడు ముందర నంబరు రాసుకుంటాడు, ఎనక నుంచి చూసినవాడు ఎనకది రాసుకుంటాడు. రెండూ చూసినవాడు ఇంతవరకూ ఎవురూ లేరు. నువ్వే మొదలు."

లోపలి కార్పెట్ ఎత్తాను. ముందు సీటు వెనక, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా నేల మీద అతుకు గీత ఉంది. పైకప్పు మధ్య పుట్టీ కింద కూడా అదే గీత. ఇది రెండు కార్ల సగాలు కలిపిన కారు.

"ఇది ఒక బండి కాదు, రెండు" అన్నాను.

జయరాములు ఏ మాత్రం కంగారు పడలేదు. "మా నాయన బండిలో నా పాలు ఇది" అన్నాడు.

పంపకం

జరిగింది ఇదీ. పదకొండేళ్ల కిందట షావుకారు పోయాక ఆస్తి పంపకాలు జరిగాయి. ఇల్లు పంచారు, మగ్గాలు పంచారు, బావిని రోజులు కట్టి పంచారు. కారు దగ్గర పంపకం ఆగింది. ఒకరు తీసుకుని రెండోవారికి దాని వెల ఇమ్మంటే, ఇద్దరూ తామే తీసుకుంటామన్నారు. అమ్మి పంచుకోమంటే ఇద్దరూ వద్దన్నారు. మూడు వారాలు కూర్చున్నాక పెద్దమనుషుల్లో ఒకాయన విసిగి, "అయితే కోసి పంచుకోండప్పా" అన్నాడు. ఆయన కోపంలో అన్నాడు. అన్నదమ్ములిద్దరూ సరేనన్నారు. పదకొండేళ్లలో ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటేనట.

కర్పూరం వెలిగించి, చీటీలు వేసి, కారును నడిమికి కోయించారు. ముందు సగం జయరాములుకు, వెనక సగం వరదరాజులుకు వచ్చింది. కోసే ముందు ట్యాంకులో ఉన్న పెట్రోలును సీసాతో కొలిచి చెరి సగం తీసుకున్నారు. అదనపు చక్రం అన్నకు, జాకీ తమ్ముడికి. ఇంజను నుంచి వెనక చక్రాలకు వెళ్లే పొడుగాటి కడ్డీ ఎవరి సగంలోకి వస్తుందో తేలక, దాన్ని పెళ్లయిన చెల్లెలికి పంపించారు. ఆమె దాని మీదికి కాకర తీగ పాకించుకుంది.

తర్వాత ఇంకో పాత అంబాసిడర్ తుక్కులో దొరికితే దాన్నీ అట్లాగే కోయించి, తండ్రి కారు ముందు సగానికి తుక్కు కారు వెనక సగం, తండ్రి కారు వెనక సగానికి తుక్కు కారు ముందు సగం అతికించుకున్నారు.

"అంటే మీ కాడ మొత్తం రెండు బండ్లు ఉండినాయి" అన్నారు సిస్టర్ నెమ్మదిగా. "ఒకరు ఇది, ఒకరు అది తీసుకుని ఉండచ్చు గదా?"

"అప్పుడు ఒకరికి నాయన బండి ఉండదు గదా సిస్టర్" అన్నాడు జయరాములు. నిజంగానే ఆమె అడిగిన దానిలో తప్పేదో ఉన్నట్టు చూశాడు.

అప్పుడు గోడ మీద ఒక తల లేచింది. నెరిసిన జుట్టు, మందపాటి కళ్లద్దాలు. వరదరాజులు కుర్చీ ఎక్కి ఇంతసేపూ విన్నాడు.

"మేస్త్రీ, ఆ మనిషి కాడ ఉండేది నాయన బండి కాదు" అన్నాడు. "నాయన ఎన్నడన్నా ముందర కూచున్నాడా? కూచున్నది ఎనక సీట్లో. ఆ సీటు నా కాడ ఉండాది."

"మేస్త్రీ, ఆయనకు చెప్పు" అన్నాడు జయరాములు నన్నే చూస్తూ. "స్టీరింగు యాడుంటే అదే బండి. ఇంజను లేకుండా సీటు పెట్టుకుంటే అది సోఫా."

"ఆ మనిషికి చెప్పు మేస్త్రీ, నాయన స్టీరింగు ముట్టినది నేను చూడలేదని."

"స్టీరింగు పట్టింది మా నాయన" అన్నారు సిస్టర్.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. గొడవలో ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వరదరాజులు కళ్లద్దాలు సర్దుకుని, "దేవదానం కూతురా?" అన్నాడు. "అయితే నా బండి కూడా చూసి పోండి."

రెండో సగం

గోడ ఉంది కాబట్టి వీధిలోకి వెళ్లి చుట్టి రావలసి వచ్చింది. వరదరాజులు కారు కూడా అదే రంగు, అదే మెరుపు, అదే అతుకు. ముందు ప్లేటు మీద తుక్కు కారు నంబరు, వెనక షావుకారి నంబరు. నేను పుట్టీ గీకి చూశాను. అతుకు పొడవునా ములుకుతో కొట్టిన చుక్కలు. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు.

కారు కింద చాప మీద పడుకుని ఆ చుక్కలు చూస్తూ ఉండిపోయాను. పద్నాలుగు దాకా ఉన్నాయి. వీధి చుట్టి మళ్లీ జయరాములు ఇంటికి వెళ్లి అక్కడా గీకాను. అవే చుక్కలు, అదే వరుసలో.

నేను తిరిగి వచ్చేసరికి సిస్టర్ వాకిట్లో పీట వేసుకుని వరదరాజులు కాలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. ఆయనకు చక్కెర జబ్బు. మడమ దగ్గర పుండు పడి నెలలైంది, పసుపు పెట్టి గుడ్డ కట్టుకున్నాడు.

"ఎవురు కట్టినారు ఇది?"

"నేనే సిస్టర్. సుమ్మా, ఊరికే చిన్న గాయం."

"ఇట్లనే వదిలేస్తే ఈ కాలు కూడా కోసి పంచాల్సి వస్తాది" అన్నారామె. నవ్వలేదు. సంచిలోంచి దూది తీశారు.

ఆ రోజే రెండు రిపోర్టులు రాశాను. రెండు కార్లనూ రోడ్డు మీద నడపకూడదు. జయరాములు తన కారు రిపోర్టు చదువుకుని, "పదకొండేండ్లు ఏమీ కాలేదే?" అన్నాడు.

"అదే నాకూ అర్థం కాలేదు" అన్నాను.

బస్సులో సిస్టర్ అడిగారు: "మా నాయన కూచున్న ముందు సగం, షావుకారు కూచున్న ఎనక సగం మళ్లా కలపచ్చునా?"

"కూడదమ్మా. ఒకసారి కోసింది బలంగా ఉండదు. నడపలేం."

"నడిపేదానికి కాదు, కూచునేదానికి."

కూర్చోవడానికి కారును పరీక్ష చేయమని నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆలంగాయంలో

గోవిందు మేస్త్రి షెడ్డు మూసేసి ఆలంగాయం వెళ్లిపోయి చాలా కాలమైంది. రేకుల పాక కింద పొలం మోటార్లు బాగుచేస్తూ ఉన్నాడు. అప్పటికి డెబ్బై ఐదు దాటాయి. ముందే అడిగేశాను.

"గుడియాత్తం షావుకారి బండి కోసింది నువ్వేనా?"

"నేనే."

"రెండు బండ్లు కలపకూడదని నాకు చెప్పినావే."

"నేను కలపలా. కోసినాను. కలిపింది ఎవురో వెల్డరు." మోటారు మీది నుంచి కళ్లు ఎత్తలేదు. "నేను కోయకుంటే వాళ్లిద్దరూ రంపం పట్టుకుని ఉండినారు. ఆ పెద్దోడు అప్పటికే పైకప్పు మీద జానెడు కోసినాడు. వంకరగా."

"చుక్కలెందుకు కొట్టినావు?"

"విప్పినదానికి గుర్తు పెట్టకుండా నేను ఎన్నడన్నా ఇడిచినానా?"

అంతే. బుద్ధి వచ్చి ఒక రోజు కలుపుకుంటారని అనుకున్నావా అని అడిగాను. లేదన్నాడు. అలవాటు కొద్దీ కొట్టానన్నాడు. ఆయన్ని గొప్పవాణ్ణి చేద్దామని ఆలంగాయం వెళ్లినవాణ్ణి, ఆ సంగతితో తిరిగి వచ్చాను. మీ గురువుల దగ్గరికి వెళ్లి ప్రశ్నలు అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కలపడం

జయరాములు ముందు సగం అమ్మడానికి వెంటనే ఒప్పుకున్నాడు. వరదరాజులు ఒప్పుకోలేదు. సిస్టర్ ఆయన్ని మళ్లీ ఆ మాట అడగలేదు. రోజు విడిచి రోజు బాగాయం నుంచి గుడియాత్తం బస్సులో వెళ్లి, పుండు కడిగి, కట్టు కట్టి వచ్చారు. కారు కోసమా అని నేను అడిగాను.

"పుండు కోసం" అన్నారు. "కారు ఇచ్చినా ఇయ్యకున్నా కాలు కాలే గదా."

అయిదో వారంలో పుండు మూసుకుంది. ఆ రోజు ఆయనే అన్నాడట: "ఎనక సగం తీసుకుపో సిస్టర్. అయితే అప్పుడప్పుడు వచ్చి నా చోట నేను కూచుంటాను. దానికి ఒప్పుకోవాల."

గోడ అవతల జయరాములు విన్నాడు. "ఆయనకు చెప్పు సిస్టర్, ఆయన వచ్చి కూచుంటే నేనూ వచ్చి కూచుంటాను. ముందు సగం సుమ్మా పోలేదు గదా."

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. పరీక్ష చేసినవాడు ఆ కారు మీద పని చేయకూడదు. చేస్తే రేపు తన పనికి తానే సాక్షి అవుతాడు. నేను చేశాను. గోవిందు మేస్త్రి ఆలంగాయం నుంచి వచ్చి బాగాయంలో సిస్టర్ ఇంటి ముందు స్టూలు మీద కూర్చుని, చుక్కకు చుక్క చూసి చెబితే, నేను రెండు సగాలనూ అతికాను. ఇద్దరికీ ఆరు రోజులు పట్టింది. ఒక చోట నేను తొందరపడితే, "ఆ పక్కన ఉండే మనిషి కొంచెం నిదానిస్తాడా" అన్నాడు. దాని రిజిస్ట్రేషను రద్దు చేయించడానికి సిస్టర్ పడ్డ తిప్పలు రాయను. కాగితాల సంగతి ఎవరికీ నచ్చదు. మిగిలిన తుక్కు సగాల్లో వెనకది జయరాములు ఇంట్లో సోఫాగా ఉంది. ముందుది వరదరాజులు వాకిట్లో, ఎక్కడికో బయలుదేరుతున్నట్టు వీధి వైపు చూస్తూ ఉంది.

నేను ఇంకో రిపోర్టు రాశాను. 'నిలబెట్టి కూర్చోవడానికి మాత్రమే. నడపరాదు.' దాని కింద ఒక్కో భాగం పేరు రాసి, బాగుంది, బాగాలేదు అని రాశాను. సిస్టర్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కారు ముందు గూట్లో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు అన్నదమ్ములూ రెండు వేరు బస్సుల్లో బాగాయం వచ్చారు. వరదరాజులు వెనక సీట్లో, తండ్రి కూర్చునే వైపు కూర్చున్నాడు. జయరాములు ముందు సీట్లో ఎడమ పక్క కూర్చున్నాడు. సిస్టర్ చెప్పులు విడిచి స్టీరింగు వెనక కూర్చున్నారు. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. నేను బానెట్ పక్కన నిలబడి ఉన్నాను.

"పోనీ" అన్నాడు వరదరాజులు వెనక నుంచి. ఆ మాట ఆయనకు తెలియకుండానే వచ్చినట్టుంది.

సిస్టర్ అద్దంలో ఆయన్ని చూశారు. "పోదు సార్. పోకూడదని రత్నమన్న రాసిచ్చినాడు."

"అయితే సరే" అన్నాడాయన.

అట్లాగే కూర్చుని ఉన్నారు. ఎండ కారు మీదికి వచ్చింది. లోపల ఉక్కపోత మొదలైంది. వరదరాజులు చొక్కా పైగుండీ విప్పుకున్నాడు, ఒకసారి దగ్గాడు.

"ఒరే జయా, ఆ అద్దం దించరా" అన్నాడు. "ఉబ్బరంగా ఉండాది."

పదకొండేళ్ల తర్వాత అన్న తనతో నేరుగా అన్న మాట అది. జయరాములు వెనక్కి తిరగలేదు. తలుపు మీది అద్దం దించే పిడి పట్టుకుని, భయంగా, ఒకటిన్నర చుట్టు తిప్పాడు. అద్దం ఒక్కసారిగా తలుపు లోపలికి పడిపోయి ధబ్బుమంది.

ముగ్గురూ నా వైపు చూశారు. సిస్టర్ గూట్లోంచి రిపోర్టు తీసి, విప్పి, వేలుతో వెతికి, పైకి చదివారు.

"అద్దాలు నాలుగూ బాగున్నాయి."